ఊడవని సగం

తవిటయ్య ఊడ్చిన నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకుని తినొచ్చు. ఈ మాట నాది కాదు, సీతమ్మధార వెనకున్న తాటిగుట్ట వనానికి పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులది. వనమంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మొత్తం ఏడెకరాలు. మూడు వైపులా అపార్ట్‌మెంట్ల గోడలు, నాలుగో వైపు క్షణం తెరిపిలేని పెద్ద రోడ్డు. మధ్యలో ఎవరి కన్నూ పడక ఎలాగో మిగిలిపోయిన గుట్ట వాలు, దాని మీద తాళ్లు, వేపలు, కానుగలు, కాసిని బలుసు పొదలు. గేటు మీద మాత్రం 'ప్రకృతి వనం' అని ఆకుపచ్చ అక్షరాలు ఘనంగా ఉంటాయి.

ఆ గేటు లోపల పదమూడేళ్లుగా కాపలా, తోటపని, ఊడ్పు అన్నీ తవిటయ్యే. పాలకొండ దగ్గర్నుంచి పంతొమ్మిదో ఏట మేనమామ వెంట విశాఖ వచ్చి, పోర్టులో గోడౌన్లు ఊడ్చే ముఠాలో చేరాడు. అక్కడి ఎర్ర ధూళి సంగతి ఊడ్చినవాడికే తెలుస్తుంది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ చీలమండ లోతు. ఇరవై రెండేళ్లు దానితో పోరాడి ఒక్కరోజు కూడా గెలవలేదు. అందుకే వనంలో పని దొరికినప్పుడు మనిషికి కొత్త ప్రాణం వచ్చింది. ఇక్కడ ఊడిస్తే సాయంత్రం దాకా ఊడ్చినట్టే ఉండేది. వెదురు కర్రకి ఈనె చీపురు కట్టి, దారులే కాదు, చెట్ల కిందా పొదల సందుల్లోనూ రాలిన ఆకు ఒక్కటి మిగలకుండా లాగి, వెనక గోడ దగ్గర కుప్పేసి కాల్చేవాడు. వనం కమిటీ వాళ్లు ఓ జనవరి ఇరవయ్యారున అతనికి శాలువా కప్పారు. భార్య సూర్యకళ ఆ శాలువాని ట్రంకుపెట్టెలో దాచింది.

ఇంత చక్కగా బతుకుతున్నవాడి దగ్గరికి రోజలిన్ వచ్చింది. జ్ఞానాపురం అమ్మాయి, తండ్రి పోర్టులో క్రేన్ ఆపరేటరు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఓ ఆషాఢ మాసపు ఉదయం భుజాన సంచీ, చేతిలో నలభై ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకుని గేటు దగ్గర దిగింది.

"ఏటమ్మా ఇవి? లోపల టీ కొట్టెడతన్నావేటి?" అన్నాడు తవిటయ్య.

"కాదు బాబాయ్. నేల మీద తిరిగే పెంకుపురుగుల్ని లెక్కపెడతాను."

"లెక్కెట్టి?"

"ఎన్నున్నాయో చూస్తాను."

"ఉంటే ఏటి, నేకపోతే ఏటి?"

రోజలిన్ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇవి వేటాడి బతికే పురుగులు బాబాయ్. చెదల్నీ చీమల్నీ నత్తల్నీ తింటాయి. ఇవున్నాయంటే నేలలో ప్రాణముందని. ఇవి లేవనుకోండి, పైన చెట్లెంత పచ్చగా ఉన్నా కింద ఏమీ లేదనే" అంది.

తవిటయ్యకి ఆ మాట పెద్దగా ఎక్కలేదు కానీ, ఆమె గ్లాసు పాతిన తీరు చూసి మాత్రం ఊరుకోలేకపోయాడు. గ్లాసు అంచు నేలకి సమంగా ఉండాలి. వెంట్రుకవాసి ఎత్తున్నా పురుగు పక్కనుంచి తప్పుకుపోతుంది. ఆమె పాతినవి వంకరటింకరగా ఉన్నాయి. "ఇలగివ్వమ్మా" అని బొరిగె అందుకుని నలభై గ్లాసులూ తనే పాతాడు. అడుగున ఉప్పు నీళ్లు, ఒక చుక్క సబ్బు. వాన పడకుండా పైన నాలుగు పుల్లల మీద ఓ పలక. గ్లాసులో పడ్డ పురుగు మళ్లీ పైకి రాదు. వారం తర్వాత వడకట్టి, ఏ జాతివి ఎన్ని పడ్డాయో రోజలిన్ పుస్తకంలో రాసుకునేది.

అవన్నీ పెసర గింజంత, బియ్యపు గింజంత చిన్నవి. ఆమె వెతుకుతున్నది మాత్రం వేరే. బొటనవేలంత ఉంటుంది, నల్లటి ఒళ్లు, వీపు మీద ఆరు తెల్ల చుక్కలు. ముప్పై ఏళ్ల కిందట ఇదే గుట్ట మీద పట్టినదొకటి వాళ్ల డిపార్ట్‌మెంటు బీరువాలో సూదికి గుచ్చి ఉందిట. దాని ఫొటో చూపించగానే తవిటయ్య మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మ, సుక్కల పురుగా! నాను సేరిన కొత్తల్లో బోలెడుండేవి. తొలకరి పడితే సాలు, దారి నిండా అవే. ముట్టుకుంటే మంట నీళ్లు సిమ్మెత్తాది. నడకకొచ్చే ఆడోళ్లు జడిసిపోతన్నారని సీపురుతో కొట్టీసీవోన్ని. తర్వాత్తర్వాత కనబడ్డం మానేసినాయి."

గొప్ప సమాచారం ఇచ్చాననుకున్నాడు. రోజలిన్ పుస్తకం మూసేసి గ్లాసుల వైపు నడిచింది. అది తవిటయ్య మనసులో నాలుగు రోజులు నలిగింది. ఐదో రోజు అడిగేశాడు.

"అవేటయిపోనాయమ్మా? నాను కొట్టినందుకేనా?"

"కొట్టినందుకు కాదు బాబాయ్." కాస్త తటపటాయించింది. "అవి ఆకు కిందే గుడ్లు పెడతాయి. పిల్లలు ఆకు కింద చెమ్మలోనే పెరుగుతాయి. ఆకు తీసేస్తే ఎండకి నేల పెంకు కట్టేస్తుంది."

"ఆకు తీసినోన్ని నానే కదా."

"మీకు చెప్పిన పని మీరు చేశారు."

"మరి మళ్లీ ఎక్కడి నుంచైనా ఎగిరొచ్చి వాల్తాయేటి?"

"ఎగరలేవు. వాటి రెక్కల పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి. నడవడమే."

తవిటయ్య గేటు వైపు చూశాడు. గేటు అవతల లారీలు, బస్సులు, ఆటోలు. కుక్కే ఆ రోడ్డు దాటలేక చచ్చేది. ఆ రోజు కారియర్ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయాడు. మద్దిలపాలెం డిపో వెనక ఒంటిగది ఇంట్లో సూర్యకళ ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే, "పదమూడేళ్లు పని సేసి సంపేసినాను" అన్నాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఒకటి చెప్పాలి. పోర్టులో ధూళి చేతిలో ఓడినప్పుడు కూడా తవిటయ్య ఇంత కుంగలేదు. అక్కడ పని దండగయింది, అంతే. ఇక్కడ పని బాగా చేసినందుకే పాడయింది. శాలువా కప్పించుకున్న పనితనమే, పేరు తెచ్చిన చీపురే. దీనికి ఎవరి మీద కోప్పడతాడు?

వనం కమిటీ ప్రెసిడెంటు అర్జునరావు గారు దుర్మార్గుడేమీ కాదు. విజయవాడ వైపు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో పెద్ద ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆయనకి అంకె చూపిస్తే దేవుణ్ణయినా ఒప్పుకుంటాడు, చూపించకపోతే కన్నతల్లిని కూడా నమ్మడు. ఆకు ఊడవడం మానమని రోజలిన్ వెళ్లి అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"సగం వనం ఊడవకుండా వదిలేద్దామమ్మా. సగం మామూలుగా ఊడుద్దాం. రెండు వర్షాకాలాలు చూద్దాం. నువ్వు చెప్పే ఆ పెద్ద పురుగు ఊడవని సగంలో వచ్చిందా, మొత్తం వనం అలాగే వదిలేస్తాం. తేడా లేదంటే మాత్రం నన్ను ఆపొద్దు. ఆ సగంలో టైల్స్ వేసి, లైట్లు పెట్టి ముసలివాళ్లకి నడక దారి వేయమని అందరూ నా ప్రాణం తీస్తున్నారు."

తవిటయ్యే రాళ్లకి సున్నం కొట్టి, వనాన్ని రెండుగా చీలుస్తూ వరస పేర్చాడు. ఎగువ సగం ఊడవకూడదు. దిగువ సగం ఊడవాలి. గ్లాసులు అటు ఇరవై, ఇటు ఇరవై.

ఊడవకుండా ఉండడం కూడా ఒక పనేనని అప్పుడు తెలిసింది. ఆకులు రాలుతూంటే చేతులు జివ్వుమనేవి. చీపురు పుచ్చుకుని రాళ్ల వరస దాకా వెళ్లి, కళ్లెదుట కుప్పలు పడ్డ ఆకు చూసి, వెనక్కి తిరిగేవాడు. నడకకొచ్చేవాళ్లు ఊరుకోలేదు. "ముసలాడికి బద్ధకం ఎక్కువైంది" అని ఒకరు. "పాములొస్తే ఎవరిది పూచీ?" అని ఇంకొకరు. పదమూడేళ్లుగా అద్దంలా ఊడ్చినవాడి పేరు రెండు నెలల్లో మట్టిలో కలిసింది. తవిటయ్య చీపురు పుచ్చుకుని దిగువ సగానికి పోయేవాడు. పడాల్సినవే పడుతున్నానని అనుకున్నాడు.

మొదటి వర్షాకాలం పోయింది. వీధి దీపాల వెలుగుకి ఎగిరొచ్చే చిన్న పురుగులు అటూ ఇటూ సమానంగా పడ్డాయి. చుక్కల పురుగు పడలేదు. రెండో వర్షాకాలం సగానికొచ్చింది. ఎగువ సగంలో ఆకు అరికాలు దిగబడేంత మందమైంది. చుక్కల పురుగు పడలేదు. రోజలిన్ వడకట్టిన గ్లాసు పక్కనపెట్టే తీరులోనే తవిటయ్యకి అర్థమైపోయేది. ఆమె కళ్ల కింద నలుపులు వచ్చాయి. గడువు ఇంకా ఆరు వారాలే ఉంది.

అప్పుడు తవిటయ్య చేసిన పని చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. కానీ చెప్పకపోతే అతని జీవితం చెప్పినట్టు కాదు.

పరవాడ దగ్గర అతని బావమరిది గంగరాజు ఉంటాడు. ఆ ఇంటి వెనక క్వారీ వాళ్లు ఇంకా ముట్టని చిన్న గుట్ట ఒకటుంది. ఆదివారం పొద్దున్నే అక్కడ వాలిపోయాడు తవిటయ్య. మోకాళ్ల మీద పాకుతూ రాళ్లు ఎత్తి చూస్తుంటే గంగరాజు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా? లంకెబిందెలేటైనా కలలోకొచ్చినాయేటి?"

"పురుగులోయ్. సుక్కల పురుగులు."

"కోడిని కోయిత్తానంటే ఒద్దని పురుగులేరతన్నావా! మా అప్ప నీకు అన్నం ఎట్టడం మానేసిందేటి?"

తవిటయ్య ఇంకో రాయి ఎత్తాడు. ఆ రోజు నాలుగు దొరికాయి. తర్వాత ఆదివారం మూడు. మూడో ఆదివారం రోజంతా వెతికితే రెండు. చిల్లులు పొడిచిన స్వీటు డబ్బాలో ఆకు పరిచి తెచ్చేవాడు. మంట నీళ్లు పడి వేళ్లు పొక్కిపోయాయి. సూర్యకళ డబ్బా మూత తీసి, కెవ్వుమని మళ్లీ మూసింది.

"మతి పోనాదేటి నీకు? ఇవెవరికి?"

"బాకీ తీరుత్తన్నానే. నాను సంపినోటికి బదులు."

మోసం చేస్తున్నానని అతనికి తోచనే లేదు. పోయిన మొక్క స్థానంలో మరో మొక్క తెచ్చి నాటడం తోటపనిలో తప్పు కాదు. చచ్చిన గులాబీకి బదులు కొత్తది పెడితే ఎవరడిగారు? ఇదీ అంతేననుకున్నాడు. తొమ్మిదింటినీ ఎగువ సగంలో, మంచి చెమ్మ చూసి వదిలాడు. ఒకటో రెండో గ్లాసుల్లో పడతాయి, అమ్మాయి పుస్తకంలోకి ఎక్కుతాయి, మిగిలినవి గుడ్లు పెడతాయి, వనం బతుకుతుంది. లెక్క చక్కగానే ఉంది.

చివరి వారం రోజలిన్ గ్లాసులు ఎత్తింది. పన్నెండో గ్లాసు దగ్గర కేక పెట్టింది. తవిటయ్య పరుగెత్తాడు. జల్లెడలో నల్లగా, చుక్కలతో, చచ్చి వెల్లకిలా ఉందది. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, "ఉన్నాయి బాబాయ్, మీ చుక్కల పురుగులు ఉన్నాయి, అన్నీ చావలేదు" అని అతని చేతులు పట్టుకుని ఊపేసింది. తవిటయ్య కూడా ఏడ్చాడు. ఏడాది తర్వాత అతనికి గుండె నిండా ఊపిరి ఆడిన రోజది.

మొత్తం ఐదు పడ్డాయి. ఊడవని సగంలో రెండు. ఊడ్చిన సగంలో మూడు.

ఇదెలా అంటారేమో. ఆ పురుగు నడిచే పురుగు. ఆకులో అడుగడుక్కీ అడ్డం. చదునైన నేల మీద దాని కాళ్లకి ఎదురే లేదు, పరుగున పోయి గ్లాసులో పడుతుంది. సున్నం రాళ్ల వరస మనుషులకి పెట్టింది, దానికేం తెలుసు? తవిటయ్య తన చేత్తో అద్దంలా ఊడ్చిన నేల మీంచే అవి గ్లాసుల్లోకి జారిపోయాయి.

కమిటీ మీటింగులో అర్జునరావు గారు కాగితం చదివి కళ్లజోడు తీశాడు. "మూడు, రెండు. అంటే ఊడిస్తే నష్టమేమీ లేదనే కదా తల్లీ? నువ్వే తెచ్చిన అంకె." రోజలిన్ ఏదో చెప్పబోయింది. ఐదు పురుగుల మీద ఏ మాటా నిలబెట్టలేమని ఆమెకే తెలుసు. కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పురుగులు దొరికినందుకు కొందరు, టైల్స్ పడుతున్నందుకు కొందరు.

తవిటయ్య వెనక గోడకి ఆనుకుని అంతా విన్నాడు. మీటింగు విడిచాక రోజలిన్ సిమెంటు బల్ల మీద ఒంటరిగా కూర్చుంటే ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మా, అవి ఈడివి కావు. నాను తెచ్చినాను."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అతను పరవాడ, గంగరాజు, గుట్ట, డబ్బా అన్నీ వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం రంగు మారుతూ పోయింది.

"ఎందుకు చేశారు బాబాయ్?"

"నీకు దొరకాలని. ఈటికి సోటుండాలని. నాను తీసేసినవే కదా, తిరిగి ఎట్టేద్దారనుకున్నాను. అర్జునరావు బాబుకి సెప్పేత్తాను, నన్ను తిట్టుకోనీ, పన్లోంచి తీసేసుకోనీ. నిజం తెలిత్తే టైల్స్ ఆపుతారు కదా?"

రోజలిన్ పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది, చిన్నపిల్లలకి చెప్పినట్టు. "ఆ ఐదూ లెక్కలోంచి కొట్టేస్తే ఏం మిగులుతుంది? ఊడవని సగంలో సున్న. ఊడ్చిన సగంలో సున్న. అప్పుడూ తేడా లేనట్టే."

తవిటయ్య వేళ్ల మీద లెక్క వేసి చూసుకున్నాడు. అబద్ధం చెప్పినా టైల్సే. నిజం చెప్పినా టైల్సే.

"ఇంకో పదేళ్లు వొగ్గెయ్యమని కాళ్లట్టుకుని అడిగితే?"

"పదేళ్లు కాదు, వందేళ్లు వదిలినా ఎక్కణ్ణుంచి వస్తాయి బాబాయ్? నడిచి రావాలి. మీరు తెచ్చినవాటిలో నాలుగు మిగిలినా, ఒకదానికొకటి తారసపడాలి కదా." కొంచెం ఆగి అడిగింది. "పరవాడ గుట్ట మీద ఇంకా ఎన్నున్నాయి?"

తవిటయ్య తల దించుకున్నాడు. "మూడో ఆదివారం రెండే దొరికినాయి. ఎల్లేటప్పుడు గుట్టంతా ఇంకోసారి సూసినాను. మరేటీ కనబడనేదు."

ఆ మాటకి రోజలిన్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని తవిటయ్య అక్కడే చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు ఇద్దరూ వెళ్లి అర్జునరావు గారికి నిజం చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, నిట్టూర్చి, తవిటయ్య భుజం తట్టాడు. "మంచి మనసుతోనే చేశావులే. కానీ ఇప్పుడు అసలు ఏమీ లేవని తేలింది కదా? లేనిదాన్ని ఎలా కాపాడతామయ్యా?" అన్నాడు. ఉద్యోగం తియ్యలేదు. సోమవారం టైల్స్ వాళ్లు వస్తారు, ఎగువ సగం శుభ్రం చేసి ఉంచమన్నాడు. రోజలిన్ పుస్తకంలో రెండు సున్నలు రాసుకుని, గ్లాసులు తవ్వుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు "వస్తాను బాబాయ్" అంది. మళ్లీ రాలేదు.

ఆదివారం పొద్దున తవిటయ్య వెదురు కర్ర చీపురు భుజాన వేసుకుని రాళ్ల వరస దాటాడు. పనికి పోవద్దు, ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యమంది సూర్యకళ. అతను వినలేదు. తను రాకపోతే ఆకులు ఊదే మిషన్ తెస్తారు, తొమ్మిదిలో ఇంకా నాలుగు ఎక్కడో బతికున్నాయి. ప్రతి దోసెడు ఆకూ చేత్తో ఎత్తి చూసి, ఆ తర్వాతే చీపురు వేశాడు. రెండు వానాకాలాల ఆకు కింద నేల నల్లబడింది. వేలు పెడితే దిగుతోంది. వానపాములు, జెర్రులు, పేరు తెలియని సన్నటి పురుగులు వెలుతురుకి బెదిరి ఇటూ అటూ పరుగెత్తాయి. ఆ నేల బాగుపడడం మొదలైంది. అది అతనికి ఇప్పుడే కనబడింది, తన చీపురు కింద.

చుక్కల పురుగు ఒక్కటీ దొరకలేదు. సాయంత్రానికి ఎగువ సగమంతా అయిపోయింది. గేటు దగ్గర నడకకొచ్చిన ఒకాయన ఆగి చూసి, "ఇదీ తవిటయ్య పనంటే! ఎన్నాళ్లకి మళ్లీ!" అన్నాడు. తవిటయ్య వెనక్కి తిరిగి చూశాడు. చెట్ల కింద ఒక్క ఆకు లేదు. ఎంత ప్రయత్నించినా చెడ్డగా ఊడవడం అతనికి చేతకాలేదు.